నంబరు అదే, ఊళ్లు వేరు: వర్జీనియా 10వ సెనేట్ డిస్ట్రిక్ట్ చరిత్ర రాయడంలో ఒక కేసు

అమెరికాలో వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ చుట్టుపక్కల ఉండే ఒక కమ్యూనిటీ గ్రూపు కోసం చేసిన పని ఇది. గ్రూపు పేరు, మనుషుల వివరాలు, వాళ్లు చేయించిన చరిత్ర ప్రదర్శన ప్యానెల్ ఎక్కడ పెట్టారన్నది చెప్పను. సెనేటర్ల పేర్లు, ఎన్నికల తేదీలు అందరికీ అందుబాటులో ఉన్న రికార్డే కాబట్టి అవి ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నా. పాత ఎన్నికల మ్యాపులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, ఏ చోటికి ఏ కాలంలో ఎవరు ప్రతినిధిగా ఉన్నారో రాసిపెట్టడం నా పని. లైబ్రరీలకూ, స్థానిక చరిత్ర సంఘాలకూ చేస్తుంటాను. ఈ కేసు ప్రత్యేకంగా రాయడానికి కారణం ఏంటంటే, ఇక్కడ ప్రతి పేరూ, ప్రతి తేదీ కరెక్టే, అయినా చదివినవాళ్లకు అర్థమయ్యేది మాత్రం తప్పు.

నేపథ్యం

వర్జీనియా సెనేట్ రాష్ట్ర శాసనసభలో ఎగువ సభ. అందులో 40 సీట్లు, నాలుగేళ్ల పదవి, అన్నిటికీ ఒకేసారి బేసి సంవత్సరంలో ఎన్నిక. జనాభా లెక్కలు అయ్యాక పదేళ్లకోసారి మ్యాపు మళ్లీ గీస్తారు. డిస్ట్రిక్టులన్నిటిలో (ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే నియోజకవర్గం) జనాభా దాదాపు సమానంగా ఉండి తీరాలన్న రూలు 1964లో సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. రెనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ తీర్పు వచ్చిన రోజే వర్జీనియాకు సంబంధించిన డేవిస్ వర్సెస్ మాన్ తీర్పు కూడా వచ్చింది. ఆర్లింగ్టన్, ఫెయిర్‌ఫాక్స్, నార్ఫోక్ లాంటి జనం కిక్కిరిసిన చోట్ల ఓటుకు విలువ తక్కువైపోయిందని అక్కడి ఫిర్యాదు. అప్పటి నుంచి గీతలు కదులుతూనే ఉన్నాయి.

2025 నవంబరులో గజాలా హష్మి లెఫ్టినెంట్ గవర్నర్‌గా (రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి పదవి) గెలిచింది. 1964లో హైదరాబాద్‌లో పుట్టి, నాలుగేళ్ల వయసులో జార్జియా వచ్చి, రిచ్‌మండ్‌లో కమ్యూనిటీ కాలేజీలో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. 2019లో 10వ సెనేట్ డిస్ట్రిక్ట్‌లో అప్పటి సెనేటర్ గ్లెన్ స్టర్టెవాంట్‌ని ఓడించి, వర్జీనియా సెనేట్‌లో అడుగుపెట్టిన మొదటి ముస్లిం అయింది. ఆ ఎన్నికతోనే సెనేట్ 21-19తో డెమొక్రాట్ల చేతికి వచ్చింది. గ్రూపులో సగం మంది మన తెలుగువాళ్లే, కొందరు 2019లో ఆమె కోసం ఇంటింటికీ తిరిగినవాళ్లు. వాళ్లకు ఆ సంతోషం ఎంతుందంటే, ఊరికే అభినందన పోస్టరు పెట్టి ఊరుకోవాలనిపించలేదు, ఆ సీటు చరిత్ర మొత్తం ఒక ప్యానెల్‌గా చేయాలనుకున్నారు. మంచి ఆలోచన అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. గెలిచిన మనిషిని మెచ్చుకోవడం అందరూ చేస్తారు. ఆ కుర్చీలో ఆవిడకు ముందు ఎవరు కూర్చున్నారు, ఎందుకు కూర్చున్నారు అని అడిగేవాళ్లు తక్కువ.

వచ్చిన సమస్య

వాళ్లే ఒక లిస్టు తయారు చేసుకొచ్చారు. 10వ డిస్ట్రిక్ట్, 1972 నుంచి: ఎడ్ విల్లీ, ఆయన 1986లో చనిపోయాక జోసెఫ్ బెనెడెట్టి, 1998 నుంచి జాన్ వాట్కిన్స్, 2016 నుంచి స్టర్టెవాంట్, 2020 నుంచి హష్మి, 2024లో జాన్ మెక్‌గ్వైర్, 2025 నుంచి లూథర్ సైఫర్స్. ఫొటోలు, పార్టీలు, సంవత్సరాలు అన్నీ పెట్టి చక్కగా డిజైన్ చేశారు.

డ్రాఫ్టు చూడ్డానికి వచ్చిన ఒకావిడ హష్మి ఫొటో పక్కన మెక్‌గ్వైర్ ఫొటో చూసి, "అయ్యో, 2023లో ఓడిపోయిందా పాపం, మళ్లీ ఎలా లేచింది?" అందట. ఓడిపోలేదు. 2023లో కూడా గెలిచింది, కాకపోతే 15వ డిస్ట్రిక్ట్ నుంచి. గ్రూపు పెద్దాయన నాకు ఫోన్ చేసి, "అమ్మా, లిస్టులో ఒక్క తప్పు లేదు, మూడుసార్లు సరిచూశాం. కానీ చదివితే అబద్ధంలా ఉంది. ఏం చేద్దాం?" అన్నారు. సమస్యను ఇంత సూటిగా చెప్పిన క్లయింటు నాకు అరుదుగా దొరుకుతారు.

మొదట వచ్చిన సలహా, అది ఎందుకు వద్దన్నానంటే

గ్రూపులో ఒకరి సలహా: హష్మి కింద చిన్న గమనిక పెడదాం, "2021 పునర్విభజన తర్వాత 15వ డిస్ట్రిక్ట్‌కు మారారు" అని. పని తేలిక, అచ్చు ఖర్చు లేదు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే గమనిక ఆవిడ ఒక్కదాని కథనే సరిచేస్తుంది. మరి 15వ డిస్ట్రిక్ట్ లిస్టు తీస్తే అక్కడ హష్మికి ముందు ఎవరున్నారు? ఫ్రాంక్ రఫ్. క్లార్క్స్‌విల్ మనిషి, నార్త్ కరోలినా సరిహద్దు పక్కనున్న మెక్లెన్‌బర్గ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఆయనది, రిచ్‌మండ్‌తో సంబంధమే లేదు. ఆ లిస్టు చూసినవాళ్లు హష్మి రఫ్‌ని ఓడించిందనుకుంటారు. వాళ్లిద్దరూ ఏనాడూ పోటీ పడలేదు. రఫ్ ప్రాంతానికి కొత్త మ్యాపులో 9 అనే నంబరు వచ్చింది, అంతే.

ఇక్కడ నాకు ఒళ్లు జలదరించిన విషయం ఒకటుంది. రిచ్‌మండ్‌కు సంబంధించినంత వరకు 9 అంటే డగ్లస్ వైల్డర్ నంబరు. 1969లో సార్జెంట్ రెనాల్డ్స్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలవడంతో సెనేట్‌లో ఒక సీటు ఖాళీ అయింది. ఆ డిసెంబరు ఉప ఎన్నికలో ఇద్దరు తెల్ల అభ్యర్థుల మధ్య ఓట్లు చీలి, సగం ఓట్లు రాకపోయినా వైల్డర్ గెలిచాడు. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం నుంచి ఆ సెనేట్‌లో నల్లజాతి సభ్యుడు లేడు, ఆయనే మొదలు. 1971లో ఒక్కో సీటుకు ఒక్కో డిస్ట్రిక్ట్ పద్ధతి వచ్చాక ఆయన డిస్ట్రిక్ట్‌కు 9 అని పెట్టారు. అక్కడి నుంచి లెఫ్టినెంట్ గవర్నర్, 1990లో గవర్నర్. ఆ నంబరు ఇప్పుడు దక్షిణాన పల్లె కౌంటీల దగ్గర ఉంది. నంబరును పట్టుకుని లిస్టు చదివితే వైల్డర్ వారసులు రిచ్‌మండ్ వదిలి అక్కడికి వెళ్లిపోయినట్టే ఉంటుంది. (హష్మి పనిచేసిన కాలేజీకి పెట్టింది ఆ రెనాల్డ్స్ పేరే. ఇలాంటివి దొరికినప్పుడు పడ్డ కష్టం అంతా మర్చిపోతాను.)

కాబట్టి జబ్బు ఒక పేరు దగ్గర లేదు, లిస్టు కట్టిన పద్ధతిలోనే ఉంది.

నంబర్లు ఇంతలా ఎందుకు మారాయి

మామూలుగా అసెంబ్లీ తనే మ్యాపు గీసుకున్నప్పుడు సిట్టింగ్ సెనేటర్లు తమ నంబరు తమకే ఉంచుకుంటారు, ఇంటి చుట్టూ గీత కాస్త అటూ ఇటూ జరుపుకుంటారు. అందుకే 1972 నుంచి 2011 మ్యాపు దాకా పదో నంబరు రిచ్‌మండ్ పరిసరాల్లోనే తిరిగింది. అయితే అప్పుడు కూడా కదలకుండా ఏం లేదు. విల్లీ కాలంలో అది నగరం సీటు, స్టర్టెవాంట్ నాటికి రిచ్‌మండ్‌లో కొంత, చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో కొంత, పౌహటాన్ కౌంటీ మొత్తం.

2020 నవంబరులో వర్జీనియా ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఓటేసి ఈ పనిని 16 మంది కమిషన్‌కు అప్పగించారు, సగం శాసనసభ్యులు, సగం పౌరులు. 2021లో కమిషన్ చీలిపోయి చేతులెత్తేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు బెర్నార్డ్ గ్రోఫ్‌మన్, షాన్ ట్రెండే అనే ఇద్దరు నిపుణులను పెట్టింది, వాళ్లు గీసిన మ్యాపును డిసెంబరు 28న ఆమోదించింది. సిట్టింగ్‌ల ఇళ్లు ఎక్కడున్నాయని వాళ్లు చూడలేదు. నంబర్లూ కొత్తగా వేశారు. పాత 1వ డిస్ట్రిక్ట్ సముద్రం వైపు న్యూపోర్ట్ న్యూస్ దగ్గర ఉండేది, కొత్త 1వది రాష్ట్రం వాయవ్య మూలన వించెస్టర్ దగ్గర. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కౌంటీ పట్టుకుని చూస్తే

తర్వాత పరీక్షించింది కౌంటీల పద్ధతి: నంబరు వదిలేసి "చెస్టర్‌ఫీల్డ్ సెనేటర్లు", "రిచ్‌మండ్ సెనేటర్లు" అని రాయడం. జనం తమ ఊరు ఏ కౌంటీలో ఉందో చెప్పగలరు, డిస్ట్రిక్ట్ నంబరు చాలామందికి తెలియదు, కాబట్టి చదివేవాళ్లకు ఇది సులువు. కానీ చెస్టర్‌ఫీల్డ్ పెద్ద కౌంటీ, ఏ మ్యాపులో చూసినా ముక్కలై ఉంటుంది, ఒకేసారి ఇద్దరు ముగ్గురు సెనేటర్లు వస్తారు. వాళ్లందరినీ రాస్తే లిస్టు కాస్తా గుంపైపోతుంది.

రిచ్‌మండ్ హద్దు కూడా నమ్మదగింది కాదు. 1970 జనవరి 1న నగరం చెస్టర్‌ఫీల్డ్ నుంచి దాదాపు 23 చదరపు మైళ్లు తనలో కలుపుకుంది. దాంతో వచ్చిన 47,262 మందిలో నల్లవాళ్లు 1,557 మందే. నగరంలో నల్లజాతి జనాభా వాటా 52 శాతం నుంచి 42 శాతానికి పడిపోయింది. ఎందుకు కలిపారన్న దానిపై కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది, అంతకాలం సిటీ కౌన్సిల్ ఎన్నికలు ఆగిపోయాయి. 1977లో వార్డుల పద్ధతిలో ఎన్నిక జరిగాకే హెన్రీ మార్ష్ రిచ్‌మండ్‌కు మొదటి నల్లజాతి మేయర్ అయ్యాడు. ఆ ప్రాంతంలో ఇల్లున్న మనిషి 1969లో చెస్టర్‌ఫీల్డ్ ఓటరు, 1970లో రిచ్‌మండ్ ఓటరు, ఇల్లు కదిలింది లేదు. మరి ఆ ఇంటి చరిత్రను ఏ కౌంటీ కింద రాస్తాం?

ప్రిసింక్టుల (ఒక్కో పోలింగ్ బూత్ కిందికి వచ్చే చిన్న ప్రాంతాలు) పద్ధతి మీద నాకు మొదట్లో ఆశ ఎక్కువ ఉండేది, ఎందుకంటే పాత చట్టాల్లో ప్రతి డిస్ట్రిక్ట్ కిందా కౌంటీల పేర్లు, ప్రిసింక్టుల పేర్లు వరుసగా ఇచ్చేస్తారు, వెతకడం తేలిక. చిక్కు ఏంటంటే జనం పెరిగితే ప్రిసింక్టును రెండు చేస్తారు, పోలింగ్ బూత్ మారితే పేరు మారుస్తారు. నంబరుతో వచ్చిన గొడవే చిన్న సైజులో మళ్లీ వచ్చింది.

మలుపు

ఈ దశలో గ్రూపుతో కూర్చున్నప్పుడు పెద్దాయన కాస్త విసుగ్గానే, "ఇంత దూరం అవసరమా అమ్మా? నేను పౌహటాన్‌లో ఉంటాను. నాకు మొదట స్టర్టెవాంట్, తర్వాత హష్మి, తర్వాత మెక్‌గ్వైర్, ఇప్పుడు సైఫర్స్. లిస్టులో ఉన్నదే కదా!" అన్నారు. పక్కనే ఉన్న ఇంకొకావిడ, రిచ్‌మండ్ సిటీలో ఉంటారు, "మీకేమో అన్నయ్యగారూ, మాకు మెక్‌గ్వైర్ ఎవరో కూడా తెలీదు" అన్నారు.

ఇద్దరూ నిజమే చెప్పారు. పౌహటాన్‌కు పాత మ్యాపులోనూ కొత్త మ్యాపులోనూ నంబరు 10 అలాగే ఉండిపోయింది, కాబట్టి ఆ లిస్టు చివరి భాగం ఆయన ఇంటికి అక్షరాలా సరిపోతుంది. కొత్త 10లో పౌహటాన్‌తో పాటు గూచ్‌లాండ్, ఫ్లువానా, కంబర్లాండ్, బకింగ్‌హామ్ లాంటి పల్లె కౌంటీలున్నాయి, రిచ్‌మండ్ నగరంలో ఒక్క ఇల్లు కూడా లేదు. నగరం 14, 15 మధ్య పంచుకుని ఉంది. చెస్టర్‌ఫీల్డ్ పడమటి వైపు 12వ డిస్ట్రిక్ట్. అంటే 2019లో ఒకే బ్యాలెట్ మీద హష్మి, స్టర్టెవాంట్ పేర్లు చూసిన మనుషులు 2023 నాటికి వేర్వేరు డిస్ట్రిక్టుల్లో తేలారు. స్టర్టెవాంట్ కూడా 2023లో 12వ డిస్ట్రిక్ట్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) అప్పటి సెనేటర్ అమాండా చేజ్‌ని ఓడించి తిరిగొచ్చాడు. 2024 జనవరిలో పాత పదో డిస్ట్రిక్ట్‌లో గెలిచిన మనిషి, ఓడిన మనిషి ఇద్దరూ అదే సభలో పక్కపక్క డిస్ట్రిక్టుల ప్రతినిధులుగా కూర్చున్నారు. నంబరు లిస్టులో ఈ సంగతి ఎక్కడా కనబడదు, నా దృష్టిలో ఈ సీటు చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం అదే.

అప్పుడు పెద్దాయనకు ఖైరతాబాద్ గుర్తు చేశాను. పీజేఆర్ (పి. జనార్దన్ రెడ్డి) ఎమ్మెల్యేగా ఉన్నప్పటి ఖైరతాబాద్ ఎంత పెద్ద నియోజకవర్గం! 2009 ఎన్నికలకు అది ముక్కలై జూబ్లీహిల్స్, శేరిలింగంపల్లి లాంటివి విడిగా వచ్చాయి. ఖైరతాబాద్ అన్న పేరు మిగిలింది, అక్కడ దానం నాగేందర్ గెలిచారు. పీజేఆర్ కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచింది జూబ్లీహిల్స్‌లో. పేరు పట్టుకుని వెళ్తే ఒక కథ, శేరిలింగంపల్లిలో ఉన్న ఓటరుకు ఇంకో కథ. ఆయన పాతకాలపు హైదరాబాద్ మనిషి, వెంటనే అందుకున్నారు: "అంటే మనం రాయాల్సింది సీటు చరిత్ర కాదు, ఓటరు చరిత్ర."

పని చేసిన పద్ధతి

కదలని చోట్లు ఎంచుకున్నాం. పౌహటాన్ కోర్టుహౌస్ ఒకటి, చెస్టర్‌ఫీల్డ్ పడమటి వైపు ఒక పబ్లిక్ భవనం, రిచ్‌మండ్ నగరంలో ఒకటి. ఇళ్లు వద్దన్నాను. ఎవరి ఇల్లు పెట్టినా వాళ్లను గుర్తుపట్టేస్తారు, పైగా ఇల్లు అమ్ముకుని వెళ్లిపోతే చదివేవాళ్లకు ఆ చోటు ఏదో తెలియదు. ప్రతి చోటినీ ఒక్కో మ్యాపు మీద పెట్టి, అప్పటి నంబరు, అప్పటి సెనేటరు, సీటు ఎలా ఖాళీ అయింది (ఓటమా, మరణమా, పై పదవికి పోవడమా), ఆ మ్యాపు గీసింది ఎవరు అన్నవి రాశాం.

ఆఖరి వివరం గ్రూపులో కొందరికి అనవసరం అనిపించింది. నేను పట్టుబట్టాను. 1971 మ్యాపునే తీసుకోండి. నార్ఫోక్ నేవీ స్టేషన్ ఓడలకు సొంత రేవు కాబట్టి, ఆ ఓడల్లో పనిచేసే దాదాపు 36,700 మంది నావికులను ఒకే ఒక్క డిస్ట్రిక్ట్, 5వది, జనాభాలో కలిపేశారు. వాళ్లలో చాలామంది ఇళ్లు వేరే డిస్ట్రిక్టుల్లో ఉన్నాయి. ఫెడరల్ కోర్టు ఊరుకోలేదు, 5, 6, 7 కలిపేసి ముగ్గురు సెనేటర్లను ఎన్నుకునే ఒకే డిస్ట్రిక్ట్‌గా మార్చింది, 1973లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును సమర్థించింది. అక్కడి ఓటరుకు ముగ్గురు సెనేటర్లు ఎందుకున్నారో మ్యాపు గీసినవాళ్ల వివరం లేకుండా ఎలా చెప్తాం? రిచ్‌మండ్ విషయంలోనూ అంతే. 2023లో జరిగిన మార్పుకు కారణం ఓటర్ల మనసు మారడం కాదు, కోర్టు మ్యాపు. ఆ ఒక్క గడి లేకపోతే ప్యానెల్ చూసినవాళ్లు ప్రతి మార్పునూ జనం తీర్పుగానే చదువుతారు.

ఒక్క చోట మాత్రం చాలా తర్జనభర్జన పడ్డాం. 2013 జనవరి 21న, ఒబామా రెండో ప్రమాణ స్వీకారానికి, అప్పటికి డెమొక్రాట్ సెనేటర్‌గా ఉన్న హెన్రీ మార్ష్ వాషింగ్టన్ వెళ్లిన రోజు చూసుకుని, 20-20గా ఉన్న సెనేట్‌లో రిపబ్లికన్లు 20-19తో కొత్త సెనేట్ మ్యాపును వేరే బిల్లుకు సవరణగా చేర్చి పాస్ చేసేశారు. మార్ష్ పౌరహక్కుల లాయరు, ఆ రోజు మార్టిన్ లూథర్ కింగ్ డే కూడా. ఫిబ్రవరిలో దిగువ సభ స్పీకర్ బిల్ హోవెల్, ఆయనా రిపబ్లికనే, ఆ సవరణ అసలు బిల్లుకు సంబంధం లేనిదని పక్కన పెట్టేయడంతో అది చట్టం కాలేదు. గ్రూపులో అందరూ దీన్ని ప్యానెల్ మధ్యలో పెట్టాలన్నారు, కోపం రావడం సహజమే. నేను పట్టికలో పెట్టొద్దన్నాను. ఆ మ్యాపు కింద ఎవరూ ఎన్నిక కాలేదు, ఏ చోటికీ సెనేటర్ మారలేదు. పట్టికలోకి జరిగిన ప్రాతినిధ్యమే రావాలి, లేకపోతే రేపు ప్రతి ప్రతిపాదననూ ఇరికించాల్సి వస్తుంది. చివరికి పక్కన విడిగా ఒక పేరా రాశాం, హోవెల్ నిర్ణయంతో సహా. ఆయన పేరు లేకుండా రాస్తే ఒక పార్టీ మీద ఫిర్యాదులా మిగిలిపోయేది.

తర్వాతి కేసుల్లో నేను పాటిస్తున్నవి

నంబరుతో మొదలయ్యే లిస్టు ఎవరు తెచ్చినా ముందు అడిగేది: "ఇది ఏ చోటు కథ?" జవాబు రాకపోతే పని మొదలుపెట్టను. పేర్ల వరుసలో పక్కపక్కన ఉన్న ఇద్దరి మధ్య నిజంగా పోటీ జరిగిందా లేదా అన్నది ఎన్నికల ఫలితాల్లో చూసి, జరగకపోతే ఇద్దరి మధ్య గీత గీస్తాను. ఏ స్థాయి డిస్ట్రిక్టో పూర్తిగా రాస్తాను. ఇదే వర్జీనియాలో 10 అంటే లౌడన్ కౌంటీవాళ్లకు సుహాస్ సుబ్రమణ్యం గెలిచిన కాంగ్రెస్ డిస్ట్రిక్ట్, దానికీ ఈ సెనేట్ సీటుకూ ఏ సంబంధం లేదు, అయినా ఒకే ఫొటో ఆల్బమ్‌లో రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. నంబర్లున్న పాత లిస్టులను పారేయను కూడా, ఎందుకంటే రికార్డులు వెతకాలంటే నంబరే తాళంచెవి. పౌహటాన్ పెద్దాయన లాంటి వాళ్లకు అది నిజమైన చరిత్ర కూడా.

మిగిలిపోయిన ఒక ప్రశ్న హష్మి ఇప్పటి పదవి గురించి. రిచ్‌మండ్ చోటు వరుసలో చివరి గడిలో ఏం రాయాలి? 2026 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశాక ఆవిడ సెనేట్‌కు అధ్యక్షత వహిస్తుంది, ఓట్లు సమానమైతే తన ఓటు వేస్తుంది, కానీ ఏ డిస్ట్రిక్ట్‌కూ ప్రతినిధి కాదు. గ్రూపు ఆవిడ ఫొటోను ఆ వరుసలోనే కొనసాగించాలని అడిగింది. నేను మూడు వరుసల పైన, అన్నిటికీ అడ్డంగా ఒక పట్టీ వేసి అందులో పెట్టమన్నాను, ఎందుకంటే లెఫ్టినెంట్ గవర్నర్‌ని ఎన్నుకునేది రాష్ట్రం మొత్తం, అందులో పౌహటాన్ కూడా ఉంది. రిచ్‌మండ్ వరుసలో 15వ డిస్ట్రిక్ట్ హష్మి గడిని అక్కడితో ముగించి, సీటు ఖాళీ అయిన కారణం దగ్గర "పై పదవికి ఎన్నిక" అని రాశాం. 1969 గడిలో రెనాల్డ్స్ పేరు పక్కన ఉన్న మాట కూడా అదే.